చిన్న దెబ్బేలే అనుకున్నారు

కొంతకాలం క్రిందట మేము ఒక రైతు కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్లాము. ఇంటాయనకు నలభై ఐదేళ్లుంటాయి. మూడు నెలల ముందు సంత చూసుకొని మోటారు సైకిల్ మీద తిరిగి వస్తూ, తారు రోడ్డు మీద ఎవరో ఆరబోసిన మొక్కజొన్నల మీద జారి పడ్డాడట. నెత్తురు పెద్దగా కారలేదు. రెండు మూడు నిమిషాలు స్పృహ తప్పి, మళ్లీ లేచి కూర్చున్నాడు. పట్టణంలో స్కానింగు తీసిన డాక్టరు, "మెదడులో అక్కడక్కడా చిన్న చిన్న రక్తపు మచ్చలున్నాయి, ఆపరేషన్ అక్కరలేదు" అని చెప్పి, రెండు రోజులు ఉంచుకొని మూడో రోజు ఇంటికి పంపించేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆపరేషన్ లేదంటే ఏ ఇంట్లోనైనా సంతోషమే గదా.

మేము వెళ్లేసరికి ఆ సంతోషం లేదు. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఇల్లాలు మమ్మల్ని వాకిట్లోకి తీసుకువచ్చి మెల్లగా చెప్పింది. "ఈయన ముందు ఇలా ఉండేవాడు కాదండీ అయ్యగారూ. పిల్లలు గట్టిగా నవ్వినా విసుక్కుంటున్నాడు. ఎరువుల కొట్టులో లెక్క తప్పి గొడవ పెట్టుకొని వచ్చాడు. గుడిలో మైకు పెడితే తల పగిలిపోతుందని లేచి వచ్చేస్తున్నాడు. చెప్పిన మాటే మళ్లీ చెబుతాడు, చెప్పలేదేమని మన మీదే కేకలేస్తాడు." ఊళ్లో కొందరు ఆయన తాగుడు మొదలుపెట్టాడన్నారు. కొందరు గాలి సోకిందన్నారు. అత్తగారైతే కోడలి నోటి దురుసే కారణమని తేల్చేసింది. పడిపోయిన రోజున తలకు తగిలిన దెబ్బను మాత్రం ఎవరూ తలచుకోలేదు. అది మానిపోయింది గదా!

ఆ వాకిట్లో విన్న సంగతే ఈ వ్యాసానికి కారణం. మేము వైద్యులము కాము. కాని దీని గూర్చి చదివి, తెలిసిన వైద్యులను అడిగి గ్రహించిన విషయాలు మన గ్రామాలలోని ప్రతి కుటుంబానికీ తెలియవలసినవిగా తోచాయి.

మన మెదడు బరువు సుమారు 1300 నుండి 1400 గ్రాములు. పుర్రె రాయిలా గట్టిది, లోపలి మెదడు మాత్రం తోడుకున్న పెరుగులా మెత్తనిది. దాని చుట్టూ నీరువంటి ద్రవముంటుంది. కుండలో పెరుగు పెట్టుకొని బండి మీద వెళుతున్నామనుకోండి. బండి హఠాత్తుగా ఆగితే కుండ పగలకపోవచ్చు గాని లోపలి పెరుగు కదిలి విరిగిపోతుంది. మోటారు సైకిల్ మీద నుండి పడిన మనిషి తలలో జరిగేది ఇంచుమించు ఇదే. పుర్రె ఆగిపోతుంది, మెదడు ఇంకా ముందుకు పోతుంది. పుర్రె లోపలి గరుకు అంచులకు ముందుభాగమూ కణతల వైపు భాగమూ ఒరుసుకుంటాయి. తల గిర్రున తిరిగిందంటే మెదడులోని సన్నని నరాల తంతువులు సాగి తెగుతాయి. వాటి వెంబడి ఉండే వెంట్రుకకంటె సన్నని రక్తనాళాలు కూడా చిట్లుతాయి. ఒక్కొక్క చోట కారే రక్తం చుక్కకంటె తక్కువే. బయట బొప్పి కూడా కట్టకపోవచ్చు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. తలలో రక్తస్రావం అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య ధమని తెగితే రక్తం వేగంగా గడ్డకట్టి మెదడును నొక్కేస్తుంది. దానికి గంటలలో ఆపరేషన్ చేయాలి. 2009 మార్చి 16న ఇంగ్లండు దేశపు నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద జారే ఆట నేర్చుకుంటూ పడిపోయింది. చిన్న వాలు మీద పడింది, లేచి నవ్వుతూ మాట్లాడింది, వచ్చిన అంబులెన్సును తిప్పి పంపేశారు. కొన్ని గంటలకు తలనొప్పి మొదలైంది. మార్చి 18న ఆమె మరణించింది. వయస్సు 45 సంవత్సరాలు. దెబ్బకూ ప్రమాదానికీ మధ్య మనిషి బాగానే ఉన్నట్టు కనబడే ఆ కొద్ది గంటలే మోసం చేస్తాయి.

మన రైతుకు వచ్చింది అటువంటిది కాదు. ఆయనవి చిన్న చుక్కలు. ఇవి చాలా మందిలో ఆపరేషన్ లేకుండానే కరిగిపోతాయి. కాని మొదటి ఒకటి రెండు రోజులలో కొందరికి చిన్న మచ్చ పెద్దదవుతుంది. పగలు చూసినప్పుడు శనగగింజంత ఉన్నది మరునాటికి నిమ్మకాయంత కావచ్చు. అందుకే డాక్టర్లు ఆపరేషన్ అక్కరలేదంటూనే ఆస్పత్రిలో ఉండమంటారు, అవసరమైతే రెండోసారి స్కానింగు తీస్తారు. "ఏమీ చేయకుండా మంచం మీద పడుకోబెట్టి డబ్బు గుంజుతున్నారు" అని మనవాళ్లు సంతకం పెట్టి తీసుకువచ్చేస్తుంటారు. అనవసరంగా ఉంచే చోట్లు లేవని మేము అనము. కాని ఈ విషయంలో మాత్రం కనిపెట్టుకొని చూడడమే వైద్యం.

ఆ చూడడం ఎలా ఉంటుందో 1974లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో గ్రహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక పద్ధతిగా ఏర్పరచారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతులూ కదపడానికి 6, మొత్తం 15 మార్కులు. ఏమాత్రం చలనం లేనివారికి కూడా 3 వస్తాయి. 13 నుండి 15 వరకు ఉంటే తేలికపాటి గాయమంటారు, 8 గాని అంతకు తక్కువ గాని ఉంటే తీవ్రమైనది. నర్సమ్మ గంట గంటకూ వచ్చి "నీ పేరేమిటి? ఇది ఏ ఊరు? నా వేళ్లు నొక్కు" అని అడుగుతుంటే మనకు విసుగు పుడుతుంది. ఆమె వేస్తున్నది ఈ మార్కులే.

అంతకు మూడేళ్ల ముందు, 1971లో, లండనులోని ఒక ఆస్పత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన యంత్రంతో మొదటిసారి బ్రతికున్న రోగి మెదడును పుర్రె తెరవకుండానే చూడగలిగారు. అదే సి.టి. స్కాన్. 1979లో ఆయనకూ అల్లన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆపరేషన్ చేయవలసిన పెద్ద గడ్డను వెంటనే చూపించడంలో సి.టి.కి సాటి లేదు. కాని మేము చెబుతున్న ఈ సూదిమొనంత చుక్కలు దానికి అన్నీ చిక్కవు. "స్కానింగులో ఏమీ లేదు" అన్న మాటకు ఆపరేషన్ చేయవలసినదేమీ కనబడలేదని అర్థం. మనిషికి ఏమీ కాలేదని దానికి అర్థం కాదు.

ఎమ్.ఆర్.ఐ. యంత్రం ఇంకొంచెం లోతుగా చూస్తుంది. మన రక్తంలో ఇనుము ఉంది. కారిన రక్తం ఇంకిపోయాక కూడా ఆ ఇనుము తుప్పు మరకలాగా అక్కడే నిలిచి ఉంటుంది. ఇనుమును పసిగట్టే ప్రత్యేకమైన ఎమ్.ఆర్.ఐ. చిత్రంలో అది నల్లని చుక్కగా కనబడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు తలకు దెబ్బ తగిలిన 439 మందిని ఇలా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 31 మందిలో ఈ సూక్ష్మ రక్తస్రావపు గుర్తులున్నాయి. తీవ్రమైన గాయమైన వారిలో నూటికి 58 మందికి ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. తేలికపాటి గాయమని చెప్పినవారిలో కూడా నూటికి 27 మందికి ఉన్నాయి! అటువంటి గుర్తులున్న వారికి తరువాతి కాలంలో ఇబ్బందులు ఎక్కువగా మిగిలినట్టు కూడా వారు గమనించారు. ఆ పరిశోధనలో పాల్గొన్న ఒకరు తరువాత మరణించగా, ఇంటివారు మెదడును పరిశోధన నిమిత్తం దానమిచ్చారు. దానిని పరీక్షిస్తే చిత్రంలో కనబడిన చుక్కకంటె ఇనుపమరక రక్తనాళం వెంబడి ఇంకా దూరం వరకు ఉన్నది. గాయం కంటికి కనబడినదానికంటె పెద్దదన్న మాట. దుఃఖంలో ఉన్న ఆ కుటుంబం చేసిన మేలు ఇది.

మన గ్రామాలకు ఈ యంత్రాలు దూరమే. పైగా నల్లచుక్కలు కనబడినంత మాత్రాన వాటిని తీసివేసే మందు ఏదీ లేదు. కాబట్టి అప్పుచేసి ఎమ్.ఆర్.ఐ. తీయించమని మేము చెప్పడం లేదు. అది అవసరమో కాదో డాక్టరు చెబుతాడు. ఇటువంటి గాయం నిజంగా ఉంటుందని ఇంటివారు నమ్మడం మాత్రం చాలా అవసరం.

ఎందుకంటే దాని గుర్తులన్నీ స్వభావంలో కనబడతాయి. మెదడు ముందుభాగం కోపాన్ని అదుపులో పెట్టేది, పనిని వరుసగా చేయించేది. అక్కడ గాయమైతే మెత్తని మనిషి ముక్కోపి అవుతాడు. చురుకైనవాడు పొలానికి బయలుదేరి పార ఎక్కడ పెట్టాడో మరచి గట్టు మీద కూర్చుండిపోతాడు. వెలుతురు గిట్టదు, శబ్దం గిట్టదు. పగలు నిద్ర, రాత్రి జాగారం. కొందరు ఊరకే కంటతడి పెడతారు. కాలు విరిగినవాడికి కట్టు కనబడుతుంది గనుక అందరూ జాలిపడతారు. వీరికి కట్టు లేదు, కుంటు లేదు. అందుకే సోమరితనమని, పొగరని, దయ్యమని పేర్లు పెడతారు. మందిరంలోనే ఒకరు ఆ రైతుతో "నీకు విశ్వాసం తక్కువ" అన్నారని విని మేము చాలా బాధపడ్డాము. ఆయన కోసం ప్రార్థించండి, తప్పు లేదు. కాని ఆయన చెవి దగ్గర డప్పు కొట్టవద్దు, ఉపవాసాలు చేయించవద్దు.

తేలికపాటి గాయమైన చాలా మందికి కొన్ని వారాలలో, కొందరికి కొన్ని నెలలలో ఇవి తగ్గిపోతాయి. మొదటి ఒకటి రెండు రోజులు బాగా విశ్రాంతి. తరువాత నెలల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టనక్కరలేదు. కొద్ది కొద్దిగా నడక, చిన్న పనులు. తలనొప్పి పెరిగితే ఆపాలి, తగ్గితే మరునాడు మళ్లీ మొదలుపెట్టాలి. సారా, కల్లు ముట్టకూడదు. డాక్టరు సరేననేవరకు ట్రాక్టరు, మోటారు సైకిల్ నడపకూడదు, చెట్టెక్కకూడదు. మానని గాయం మీద రెండో దెబ్బ మొదటిదానికంటె చెడ్డది. తాటిచెట్టెక్కి బ్రతికేవారికి ఈ మాట చెప్పడం తేలిక, ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అటువంటప్పుడే సంఘం, బంధువులు నాలుగు వారాల గింజలు చూసుకోవాలి.

ఇంటికి వచ్చాక ఫిట్స్ వస్తే, ఆగకుండా వాంతులైతే, తలనొప్పి అంతకంతకూ పెరిగితే, ఒక కంటిపాప పెద్దదిగా కనబడితే, మాట తడబడినా, ఒక చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పినా, లేపితే లేవకుండా మత్తుగా పడి ఉన్నా, తెల్లవారనిమ్మని ఆగవద్దు. ముక్కు నుండి గాని చెవి నుండి గాని నీరువంటిది కారడం కూడా ప్రమాద సూచనే. తలకు దెబ్బ తగిలినవారిని అసలు నిద్రపోనివ్వకూడదని మన పెద్దలంటారు. డాక్టరు చూసి పంపినవారు నిద్రపోవచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం మధ్యమధ్య లేపి పేరు అడిగితే చాలు.

దెబ్బ తగిలిన చోట మేము స్వయంగా చూసిన కొన్ని పనులున్నాయి. పడినవాని నోట్లో నీళ్లు పోయడం, గాయంలో కాఫీపొడి కూరడం, ఇద్దరు రెక్కలు పట్టుకొని ఆటోలో కూర్చోబెట్టడం. స్పృహ లేనివాని గొంతులో పోసిన నీళ్లు ఊపిరితిత్తులలోకి పోతాయి. మెడ ఎముక విరిగి ఉంటే కూర్చోబెట్టడంతోనే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్టు నలుగురు కలిసి ఎత్తాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. 108కి ఫోను చేయాలి. ఆ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది, తరువాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుందని దూరంగా నిలబడేవారు ఇంకా ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ సహాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

వేగంగా చేరాలనడానికి ఇంకొక కారణముంది. 29 దేశాలలో 12,737 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. రక్తస్రావాన్ని ఆపే ట్రనెగ్జామిక్ ఆమ్లం అనే మందును దెబ్బ తగిలిన మూడు గంటలలోపు ఇస్తే, తేలికపాటి, మధ్యరకం గాయాలవారిలో మరణాలు తగ్గాయి. మూడు గంటలంటే మనకు ఎంత? బంధువులు పోగయ్యేసరికి గంట, ఏ ఆస్పత్రికని తర్కించుకునేసరికి గంట.

వృద్ధుల సంగతి వేరుగా చెప్పాలి. వయస్సు పైబడినకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పుర్రెకూ దానికీ మధ్య ఉన్న సిరలు బిగువుగా సాగుతాయి. స్నానాల గదిలో కాలు జారి గోడకు తల తగిలినా చాలు, ఒక సిర చిట్లి రక్తం మెల్లమెల్లగా కారుతుంది. మూడు నాలుగు వారాలకు అవ్వ తికమకగా మాట్లాడుతుంది, తాత ఒక కాలు ఈడుస్తాడు. చాదస్తమనో, పక్షవాతమనో వదిలేస్తారు. పడిన సంగతి ఎవరికీ గుర్తుండదు. కాని ఇది చాలా సార్లు పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసివేస్తే నయమయ్యేది. గుండెజబ్బుకు, పక్షవాతానికి రక్తం పలచబడే మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ వంటివి, వేసుకునే పెద్దలు తలకు ఎంత చిన్న దెబ్బ తగిలినా డాక్టరుకు చూపించుకోవాలి. మాత్రల చీటీ వెంట తీసుకుపోవాలి. తమంతట తాము మానేయకూడదు, అదీ ప్రమాదమే.

చంటిపిల్లల గూర్చి ఒక్క మాట. ఏడుపు ఆపడం లేదని కోపంతో భుజాలు పట్టుకొని కుదపకండి. వారి మెడ నిలవదు, తల బరువు. ఆ కుదుపుకే మెదడు మీద రక్తనాళాలు తెగుతాయి. ఉయ్యాల ఊపడం వేరు, దానికి భయపడనక్కరలేదు. విసుగు పట్టలేనప్పుడు బిడ్డను చాప మీద పడుకోబెట్టి రెండు నిమిషాలు వాకిట్లోకి రండి.

చివరకు హెల్మెట్ దగ్గరకే వస్తాము. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికుడు, రచయిత, సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్లను తప్పించబోయి మోటారు సైకిల్ మీద నుండి పడ్డాడు. తలకు ఏ రక్షణా లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడున్నాడు. ఆ మరణం ఆయనను వదలలేదు. మోటారు సైకిల్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1941లో వ్యాసం ప్రకటించాడు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిల్ సవారులకు శిరస్త్రాణం తప్పనిసరి చేసింది. తరువాతి పరిశోధనలన్నీ కలిపి చూస్తే హెల్మెట్ తలగాయాలను నూటికి 69 పాళ్లు, మరణాలను 42 పాళ్లు తగ్గిస్తుందని తేలింది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోగా, అందులో నూటికి 44 మంది పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. నాలుగేళ్లు దాటిన ప్రతివారూ పెట్టుకోవాలని 2019 సవరణ చెబుతున్నది. మనవారు చలానుకు భయపడి హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుంటారు, పోలీసు కనబడితే తలకు తగిలించుకుంటారు. వెనుక ఒక పక్కకు కూర్చున్న ఇల్లాలికి అసలే ఉండదు. ఆమె కొంగు చక్రంలో పడితే వెనక్కి వెల్లకిలా పడేది ఆమే. బోదె కింద పట్టీ బిగించని హెల్మెట్, పడేటప్పుడు తలకంటె ముందే ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలినది మళ్లీ వాడకండి.

ఆ రైతు ఇంటికి మేము రెండు నెలలకు మళ్లీ వెళ్లాము. జిల్లా ఆస్పత్రిలోని నరాల డాక్టరు ఆయన భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, పాత స్కానింగు ఫిల్ము వెలుతురుకు పట్టి, ఆ మచ్చలు చూపించి చెప్పాడట. అప్పటినుండి ఆమె సాయంకాలం పిల్లలను పక్కింటి అరుగు మీద చదివిస్తున్నది. పనులు ఒక నోటు పుస్తకంలో రాసి ఇస్తే ఆయన ఒక్కొక్కటి కొట్టివేసుకుంటూ చేస్తున్నాడు. ఎరువుల కొట్టుకు పెద్దకొడుకు వెళుతున్నాడు. మేము వెళ్లినప్పుడు ఆయన గేదెకు గడ్డి వేస్తూ కనబడ్డాడు. మమ్మల్ని పేరుపెట్టి పలకరించి, మజ్జిగ తెమ్మని ఇంట్లోకి కేకేశాడు. కాసేపటికి మళ్లీ అదే మజ్జిగ తెమ్మన్నాడు. ఆమె మా వైపు చూసి నవ్వి, రెండో గ్లాసు కూడా తెచ్చింది.